అప్పగింతల కాడ అమ్మి నగిన సప్పుడు

ఆ రోజుల్లో సినిమాకు పోతే నేను ఏడ్చేదాన్ని. ఎవరి కోసం ఏడుస్తున్నానో కూడా చూసుకోకుండా ఏడ్చేదాన్ని. తెర మీద ఒక ముసలాయన ఊరికే గోడకు ఆనుకుని కూచున్నా సరే, వెనక వయొలిన్ సన్నగా మొదలయిందంటే నా చున్నీ ముక్కు దగ్గరికి పోయేది. మా అమ్మ నాకంటే ఘోరం. టీవీలో దయ్యాల సినిమా వస్తే రిమోటు చేతిలో గట్టిగా పట్టుకుని, తలుపు కిర్రుమంటుందనగా సప్పుడు ఆపేసేది. సప్పుడు లేకపోతే దయ్యం కూడా పక్కింటామె జుట్టు ఆరబెట్టుకుంటా తిరిగినట్టే ఉంటుందని ఆమె సొంతంగా కనిపెట్టిన సంగతి. (సినిమా సంగీతం మీద ఎవరన్నా పెద్ద పుస్తకం రాస్తే మొదటి పేజీలో మా అమ్మ ఫోటో వేయాల.) కండ్లు ఒకటి చూస్తాయి, చెవులు ఇంకొకటి చెప్తాయి, రెండూ కొట్లాడుకుంటే గెలిచేది చెవులే. ఈ చిన్న సంగతి నాకు కొన్నేండ్లు కూడు పెట్టింది, ఒకసారి బుద్ధి కూడా పెట్టింది. రెండింటికీ రుణపడి ఉన్నాను కాబట్టే ఇది చెప్పుకుంటున్నాను.

రాష్ట్రం రెండయిన కొత్తలో నేను డిగ్రీ ముగించుకుని ప్రొద్దుటూరులో ఇంట్లో కూచున్నాను. మా నాన్న ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో కూడా ఫైలు కదిలించినట్టే మాట్లాడేవాడు, అంటే అవసరమైతే తప్ప కదిలించడు. ఆడపిల్ల ఖాళీగా కూచుంటే తిక్క పడుతుందని అమ్మ పోరి, తన పిన్నమ్మ కొడుకు నడిపే పెండ్లి వీడియోల స్టూడియోలో నన్ను చేర్పించింది. బంగారు అంగళ్ల వీధిలో, చీరల అంగడి పైన ఇరుకు గది. ఆయన్ని ఊరంతా జూమ్ మామ అంటారు. పెండ్లిలో ఏది కనబడినా కెమెరాను దాని మీదికి లాగి, ముక్కు రంధ్రాలు కనబడేదాకా వదిలిపెట్టడు. ఆయన తీసుకొచ్చిన గంటల గంటల పెండ్లిని కోసి, అతికించి, కింద మ్యూజిక్ వేసే పని నాది. దాన్ని మిక్సింగ్ అంటాం. మా మిక్సింగ్‌లో అన్నిటికంటే ముందు చేసే పని ఏందంటే, కెమెరాలో పడిన అసలు సప్పుడును మూయడం. డప్పులు, పిల్లోళ్ల ఏడుపులు, "ఈడ ఇంగొక ఇస్తరాకు" అనే కేకలు ఎవరిక్కావాల? మామ మొదటి రోజే చెప్పినాడు, ముందు గొంతు నొక్కు, ఆ తర్వాతే అందం చేయి అని. నేను గొంతు నొక్కడంలో రెండు నెలల్లోనే ఆరితేరినాను.

ఇంక చూడండి నా వైభోగం. కంప్యూటర్‌లో మ్యూజిక్ అంతా ఒక చోట పెట్టి, నాకు తోచిన పేర్లు పెట్టుకున్నాను. "ఎంట్రీ", "దేవుడు", "వియ్యంకులు", "ఏడుపు ఒకటి", "ఏడుపు పెద్దది", "అత్త". ఒకే ముక్కను తీసుకుని, కింద రకరకాలుగా వేసి చూసేదాన్ని. ఒక పెండ్లిలో లావుపాటి పెద్దమనిషి భోజనాల కాడికి నడిచిపోతాంటాడు. అంతే, వేరే ఏమీ లేదు. దాని కింద "ఎంట్రీ" వేస్తే ఊరికి ఎమ్మెల్యే వచ్చినట్టుండేది. "అత్త" వేస్తే వంటల్లో విషం కలపడానికి పోతున్నట్టుండేది. "ఏడుపు ఒకటి" వేసి మా ఇంట్లో చూపించినాను. మా అమ్మ నిట్టూర్చి, పాపం ఆయప్పకు బిడ్డలు కూడు పెట్టరేమో అనింది. (ఆయన ప్రొద్దుటూరులో రెండు మేడలు ఉన్న పత్తి వ్యాపారి.) మా నాన్న పేపర్లో నుంచి తలెత్తి చూసి, మళ్లీ పేపర్లోకే పోయినాడు. ఆ రోజు నుంచి నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఈ జిల్లాలో ఎవరు ఎప్పుడు ఏడవాలో నేనే చెప్తాననుకున్నాను.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం జమ్మలమడుగు నుంచి ఒక పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. నెల కింద మామ తీసిన పెండ్లికి ఆమె పెండ్లికూతురి తల్లి. వాళ్లది తరాలుగా జీవాలు మేపుకునే ఇల్లు. గొర్రెల మందలు తగ్గించుకుని ఇప్పుడు శెనగ, పత్తి వేసుకుంటున్నారు. కూతురిని పులివెందులలో ఇచ్చినారు. పెద్దమ్మ నీళ్లు కూడా తాగకుండా సంగతి చెప్పింది. అప్పగింతలప్పుడు పాలలో ముంచిన పిల్ల చేతుల్ని అత్తమామల చేతుల్లో పెడతారు కదా, ఆడున్న ఆడోళ్లంతా కండ్లు ఒత్తుకుంటాంటే పెండ్లికూతురు పకపక నవ్వింది. ఎందుకు నవ్విందో ఎవరికీ తెలీదు. చుట్టాలు "పిల్ల ఎప్పుడెప్పుడు పోదామా అని ఉండాది" అనుకుంటా పోయినారు. అది పోనీ అంటే, పులివెందుల అత్తగారు మనసులో పెట్టుకుంది. అప్పుడు పాల తడితో చేతులు పట్టుకుని ఎదురుగా నిలబడింది ఆమే కదా, నన్ను చూసే నవ్విందనుకుంది. కొత్త కోడలితో అవసరమైన మాటే తప్ప పైమాట లేదు. పిల్లను అడిగితే "మా నాయన ఏదో అన్న్యాడు" అంటుందే గాని ఏమన్నాడో చెప్పదు. అల్లుడిని అడిగితే నేల చూపులు. ఆడోళ్ల మధ్య మాట కాబట్టి ఇది పిల్ల తండ్రి దాకా పోలేదు.

"వచ్చే ఆదివారం రెండిళ్లోళ్లమూ పులివెందులలో కూచుని వీడియో చూస్తాండాం. ఎట్లన్నా చేసి నా బిడ్డను ఏడ్పించు పాపా" అనింది పెద్దమ్మ, నా చేయి పట్టుకుని. లోకంలో ఏ తల్లీ అడగని కోరిక ఇది. ఒక ఆడపిల్ల అత్తింట్లో నిలదొక్కుకోవడం నా చేతిలో ఉందని తెలిసి నాకు భయం వేయాల కదా? వేయలేదు. ఏడుపు ఒకటా, ఏడుపు పెద్దదా అని అప్పుడే లెక్కలు వేస్తున్నాను.

ఆ ముక్కను ముందర వేసుకుని చూసినాను. పిల్ల పసుపు చీరలో, బాసికంతో, తలను వెనక్కి వాల్చి మనసారా నవ్వుతోంది. దాన్ని నాలుగింతలు మెల్లగా చేసినాను. నవ్వును మెల్లగా చేస్తే ఏమవుతుందో మీకు తెలుసా? పెదవులు వణుకుతాయి, కండ్లు చిన్నవవుతాయి, గొంతు కదులుతుంది. అచ్చం ఏడుపే. నవ్వులో ఆమెకు నిజంగానే కండ్లలో నీళ్లు తిరిగినాయి, మన జూమ్ మామ వాటిని వదుల్తాడా? నిమ్మకాయంత చేసి చూపించినాడు. కింద "ఏడుపు పెద్దది" సన్నాయి వేసినాను. పక్కన వాళ్ల నాయన ఏదో చెప్తాన్న్యట్టు పెదవులు కదుపుతున్నాడు, దాని మీద ఒక గులాబీపూల రేకులు రాలే డిజైన్ వేసి కప్పేసినాను. అంతా అయినాక తిరిగి చూసుకుంటే నాకే ముక్కు కారింది. మామ నా వీపు తట్టి, నువ్వు ప్రొద్దుటూరులో ఉండాల్సిన దానివి కాదమ్మీ అన్నాడు. అది పొగడ్తేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆదివారం నేనూ మామా బస్సులో జమ్మలమడుగు పోయి, ఆడి నుంచి పిల్ల తరపోళ్ల జీపులో ముద్దనూరు మీద పులివెందుల చేరినాము. (వీడియో తెచ్చినోళ్లకు ఓళిగలతో, అంటే బొబ్బట్లతో, భోజనం పెట్టడం మా పక్క మర్యాద. మామ ఏ ఇంటి వీడియో అయినా తనే మోసుకుపోవడానికి కారణం అదే.) నడిమింట్లో చాపలు వేసి, టీవీకి పెన్‌డ్రైవ్ తగిలించి, రెండు వైపుల చుట్టాలు కూచున్నారు. అత్తగారు మాత్రం ఎడంగా, కుర్చీలో. పొడుగ్గా, ఎర్రగా, ముఖం గంటు పెట్టుకుని ఉన్న ఆమెను చూస్తే, నా కంప్యూటర్‌లో "అత్త" అనే మ్యూజిక్ ఈమెను చూసే కట్టినారేమో అనిపించింది. తలంబ్రాలు అయినాయి, అరుంధతి నక్షత్రం అయింది, అప్పగింతలు వచ్చినాయి. సన్నాయి లేచింది. ముందు మేనత్త ముక్కు చీదింది. ఆ తర్వాత వరసగా, చాప చివరిదాకా. పెండ్లిలో ఆ నవ్వును కండ్లారా చూసినోళ్లు కూడా "పాపం, బిడ్డ ఎంత ఏడ్చిందో" అంటున్నారు. అత్తగారు కుర్చీలో నుంచి దిగి చాప మీదికి వచ్చింది. కోడలి తల నిమిరి, "ఇంత దుఃఖం పెట్టుకున్న్యావంట్నే, నాకేం తెల్సు" అనింది. పెద్దమ్మ నాకేసి చూసి చేతులు జోడించింది. నేను తల కొంచెమే వంచినాను, గొప్పోళ్లు వంచినట్టు.

అయితే పెండ్లికూతురు మాత్రం నోరు తెరుచుకుని టీవీకేసి చూస్తోంది. పక్కనున్న మొగుణ్ణి "నేను ఏడిస్తినా?" అని అడగడం నాకు వినబడింది. ఆయన పాపం అవునన్నట్టు, కాదన్నట్టు తల రెండు రకాలుగానూ ఊపినాడు.

భోజనాలకు చేతులు కడుక్కోవడానికి వసారాలోకి పోతే, పిల్ల తండ్రి ఆడ ఒంటరిగా మెట్టు మీద కూచుని ఉన్నాడు. సన్నటి మనిషి, తెల్ల తుండుగుడ్డ, ఎండకు నల్లబడిన మెడ. వీడియో సగంలోనే లేచి వచ్చేసినాడంట. నచ్చలేదా పెద్దనాయనా అని అడిగినాను, నచ్చింది అంటాడని తెలిసే అడిగినాను.

"బాగుండాది పాపా. అందరూ ఏడుస్తాండారు గదా, బాగుండేదే" అన్నాడు. తుండుగుడ్డ మడత విప్పి మళ్లీ మడిచినాడు. "ఆ పొద్దు మా అమ్మి నగింది. నేను ఇన్న్యా. అది పొయ్యేటప్పుడు నగుతా పాయ గదా అని, నేను ఇన్నాళ్లూ దాన్నే తలుచుకుంటా నిదర పోతాండా. ఆ నగిన సప్పుడు యాడ పాయ పాపా?"

నేను ఏదో చెప్పబోయినాను. సన్నాయి గురించి, అందం గురించి. సప్పుడు ఆడే ఉంటుంది, వెతికి ఇస్తానని మాత్రం అన్నాను. "ఉంటే ఇయ్యి. లేకుంటే ఏం చేస్తాంలే" అని ఆయన లేచి భోజనానికి పోయినాడు. నా విస్తట్లో ఓళిగలు అట్లనే ఉండిపోయినాయి. మామ వాటిని వృథా పోనీయలేదు.

తిరుగు బస్సులో మామను అడిగితే, ఆ పెండ్లి తీసిన కెమెరా కార్డులో ఇప్పుడు మైదుకూరు పెండ్లి ఉందని చెప్పినాడు. ఒకే కార్డును తుడిచి తుడిచి వాడటం మాకు మామూలే. కంప్యూటర్‌లోకి ఎక్కించిన కాపీ కూడా, వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిన వెంటనే తీసేయాలని ఆయన రూలు. రూలు పెట్టింది ఆయనే, చేయాల్సిందీ ఆయనే. దారి పొడుగునా నాకు పెద్దనాయన మడిచిన తుండుగుడ్డే కండ్లలో మెదుల్తోంది. ఆ సప్పుడు ఈ లోకంలో ఇంక యాడా ఉండదు. పిల్లను మళ్లీ అప్పగించమని అడగలేం కదా.

దిగుతానే చెప్పులు కూడా విడవకుండా స్టూడియోలోకి పోయి వెతికినాను. ఉంది. మామ తీసేయలేదు. ఆ ఒక్క పెండ్లే కాదు, ఏడాది కిందటి పెండ్లిండ్లు కూడా తీసేయకుండా చెత్తకుప్ప లాగా పడేసి పెట్టినాడు. మామకున్నంత బద్ధకం కడప జిల్లాలో ఇంకెవరికీ లేదని నేను అమ్మతో రోజూ చెప్పేదాన్ని. ఆ సాయంత్రం ఆ బద్ధకానికి మనసులోనే ఒక టెంకాయ కొట్టినాను. తర్వాత చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మూసిన సప్పుడు తెరిచి, పెండ్లిని మొదటిసారి విన్నాను. నా చేతి మీదుగా ఎన్ని పెండ్లిండ్లు పోయినాయో, ఒక్కదాన్ని కూడా అంతవరకు వినలేదు.

వినింది ఎవరికీ చెప్పలేదు. పెద్దనాయనకు ఫోన్ చేసి దొరికిందని మాత్రం చెప్పినాను. మరుసటి రోజే ఆయన పెద్దమ్మను వెంటబెట్టుకుని వచ్చినాడు. కుర్చీలు వేసి, హెడ్‌ఫోన్లు తుడిచి సిద్ధం చేస్తాన్నాను, మెట్ల మీద మాటలు వినబడినాయి. వచ్చింది ఎవరనుకున్నారు? పులివెందుల అత్తగారు, కొడుకూ కోడలితో. మా పక్క ఎవరింట్లో శుభకార్యమైనా చీరలకూ నగలకూ ప్రొద్దుటూరుకు రావాల్సిందే. ఆమె కింద అంగట్లో చీరలు కొనుక్కుని, పనిలో పనిగా ఆల్బమ్ తీసుకుపోదామని పైకి ఎక్కింది. వియ్యపురాలిని చూసి పెద్దమ్మ ముఖం పాలిపోయింది. నేను హెడ్‌ఫోన్లను గభాలున వీపు వెనక దాచినాను. ఇంతలో లోపల నుంచి టీ గ్లాసుతో జూమ్ మామ వచ్చి, అందరూ ఒకసారే వచ్చినారే అని సంబరపడి, "మా అమ్మి మీకోసం ఏదో స్పెషల్‌గా తీసి పెట్టిందప్పా" అని, పెద్ద స్పీకర్లు ఆన్ చేసి బటన్ నొక్కేసినాడు.

సన్నాయి లేదు. పూల రేకులు లేవు. డప్పులు, ఎవరిదో దగ్గు, "ఆ బస్సు తాళాలు ఎవరి కాడ?" అనే కేక. వాటి మధ్యలో, మామ జూమ్ పిచ్చితో మనిషి భుజం మీద ఎక్కినంత దగ్గరగా నిలబడినాడు కాబట్టి, పెద్దనాయన గొంతు. అల్లుడితో మెల్లగా చెప్తాన్నాడు.

"అల్లుడా, ఒక మాట. పొద్దున్నే లేస్తానే పలకరిస్తే ఈమె కసురుతాది. రవ్వంతసేపు ఇడిసిపెట్టు, అదే దారికొస్తాది. ఆకలైతే నోరు తెరిచి అడగదు, నువ్వే చూసుకోవాల. అదిలిస్తే మొండికేస్తాది, మెల్లగా పేరు పెట్టి పిలిస్తే యాడున్న్యా వస్తాది. ఎండకేం గాదు గాని వానకు తడవనీయొద్దు." కొంచెం ఆగినాడు. ఇంకేమన్నా చెప్పాలని వెతుక్కున్నట్టు. "పండ్లు గట్టివి, ఏమేసినా తింటాది."

అప్పుడు పిల్ల గొంతు. "నాయనా, నేనేమన్నా గొర్రెనా?" అని, నవ్వు. నేను నాలుగింతలు మెల్లగా చేసి చంపేసిన ఆ నవ్వు, దాని వేగంతో అది, గది నిండా. నవ్వు వెనకాలే పెద్దనాయన, పట్టుబడిన మనిషి గొంతుతో, "నాకు ఇట్లనే చెప్పను వచ్చు తల్లీ. ఇంతకంటే రాదు" అన్నాడు.

జీవాలను ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు వాటి గుణమూ దోషమూ చెప్పి అప్పగించడం ఆ ఇంట్లో తరాల అలవాటు. మంచి కాపరి చెప్పకుండా అప్పగించడంట. ఆయన పెద్ద మాటలేవీ నేర్చుకోలేదు, ఉన్న మాటలే కూతురికి పెట్టినాడు. చెప్తే నలుగురూ వాళ్ల నాయనను చూసి నవ్వుతారని, అత్త కోపాన్నైనా మోసింది గాని పిల్ల నోరు తెరవలేదు. అల్లుడి చేత కూడా ఒట్టు వేయించుకుందంట. ఇప్పుడు జూమ్ మామ పుణ్యమా అని అందరికీ తెలిసిపోయింది. పెద్దనాయన తల వంచుకుని కూచున్నాడు. పిల్ల నా వైపు చూసిన చూపుకు నేను బల్ల కింద దూరుదామా అనుకున్నాను.

అత్తగారు కొంగుతో కండ్లు తుడుచుకుంటోంది. ఈసారి నేనేమీ వేయలేదు, ప్రమాణపూర్తిగా. ఆమె వియ్యంకుడి వైపు తిరిగి, "నా పెండ్లిలో మా నాయన ఈ నాలుగు మాటలు చెప్పింటే నేను గూడా నగేదాన్నే అన్నా" అనింది. తర్వాత మామతో, ఆ ఏడుపుది మాకొద్దు, ఇది పెట్టియ్యండి, బస్సు తాళాలతో సహా అని చెప్పింది. కిందికి దిగిపోతా కొడుకును గట్టిగా అడగడం మెట్ల మీద నుంచి వినబడింది, "పొద్దున్నే పలకరించొద్దని చెప్పినారంట గదా, మరి నువ్వు మబ్బుతోనే కాఫీ కాఫీ అని అరుస్తావేందిరా?" అని.

పెద్దనాయన మాత్రం కదల్లేదు. ఇంకొకసారి పెట్టమన్నాడు. పెట్టినాను. ఇంకొకసారి అన్నాడు. ఆయన ఫోన్‌లోకి ఎక్కించి, యాడ నొక్కితే వస్తుందో చూపించినాను. పోయేటప్పుడు నా తల మీద చేయి పెట్టి, సల్లగుండు తల్లీ అన్నాడు. నేను ఎన్నో వీడియోలు చేసినాను, ఎందరినో ఏడిపించినాను, అంత పెద్ద కూలి మళ్లీ నాకు ముట్టలేదు.

ఆ తర్వాత కొన్నేండ్లకు నా పెండ్లి. వీడియో తీసే పిల్లోడితో ఒక్కటే షరతు పెట్టినాను, అప్పగింతల కాడ మ్యూజిక్ వేయొద్దు, సప్పుడు మూయొద్దు అని. మ్యూజిక్ లేకుంటే ఎవరు చూస్తారక్కా అన్నాడు. నేను చూస్తానన్నాను. జమ్మలమడుగు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, మా నాన్నకు కూడా. ఆ రోజు ఆయన నా చేయి నా మొగుడి చేతిలో పెట్టి గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్తాడని మేమిద్దరం వంగినాము. మళ్లీ సవరించుకున్నాడు. చుట్టూ డప్పులు, మా అమ్మ వెక్కిళ్లు, పెరుగు బక్కెట కోసం ఎవరిదో కేక. చివరికి మా నాన్న, జన్మలో ఫైలు కదిలించని మా నాన్న, "ఈమెకు మజ్జిగ... పల్చగా ఉండాల" అన్నాడు. అంతే. ఇంకేమీ రాలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇప్పటికీ మా ఇంట్లో మజ్జిగ పల్చగానే ఉంటుంది. నా మొగుడికి చిక్కగా ఇష్టం, అయినా తన గ్లాసులో కూడా నీళ్లు పోసుకుంటాడు. అప్పుడప్పుడు ఆ వీడియో పెట్టుకుని చూస్తాను. నవ్వూ వస్తుంది, ముక్కూ కారుతుంది, ఏది ముందో చెప్పలేను. ప్రొద్దుటూరులో చీరల అంగడి పైన కూచుని, లోకంలో ఉన్న ఏడుపులన్నిటికీ పేర్లు పెట్టేసినాననుకున్న ఆ పిల్ల అప్పుడు గుర్తొస్తుంది. పాపం, దాని కంప్యూటర్‌లో "మజ్జిగ" అనే ఫైలు లేదు.